తోడు మట్టి

బోధికుడికి వానంటే భయం.

పామంటే భయపడేవాళ్ళున్నారు, చీకటంటే భయపడేవాళ్ళున్నారు. తేనెకొండ విహారంలో చేరిన నాలుగు రోజులకు ఎవరి భయాలు వాళ్ళను వదిలిపోయేవి. ఇరవై ఆరేళ్ళ ఈ భిక్షువుకు మాత్రం నైరుతి మూల అరచేయంత మబ్బు కనిపిస్తే చాలు, పారాయణం మధ్యలోనే కాళ్ళు పీకడం మొదలయ్యేది.

కుమ్మరి ఇంటి బిడ్డ మరి. అతనికి తొమ్మిదేళ్ళప్పుడు, ఆవంలో పేర్చి కాల్చడానికి వాకిట్లో ఆరబెట్టిన రెండు వందల పచ్చికుండల మీద కాలం కాని కాలంలో వాన పడింది. తల్లి చాపలు తెచ్చేలోపే అంతా అయిపోయింది. తండ్రి ఆ బురద ముందు గొంతుక్కూర్చుని పొద్దుగూకేదాకా లేవలేదు. ఆ ఏడు ఆ ఇంట్లో గంజి పలచబడింది. కాల్చని మట్టిని వానకు వదిలేయడమంటే బోధికుడి లెక్కలో పసిబిడ్డను వాకిట్లో వదిలేయడమే.

అలాంటివాడు పోయి పోయి తేనెకొండకే వచ్చాడు.

కృష్ణ ఒడ్డునున్న ఆ కొండకు ఒక ఆచారం ఉంది. వైశాఖ పున్నమికి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొక మట్టి స్తూపం చేస్తారు. జానెడు ఎత్తు. దానికి శిల్పులు అక్కర్లేదు. బాగా పిసికిన మట్టిని ఉప్పు ముంతలో అదిమి బోర్లిస్తే గుండ్రటి కడుపు వచ్చేస్తుంది. లోపల నాలుగు వడ్లగింజలు. కింద దిమ్మెకు రొట్టెలా తట్టిన మట్టి. చింతగింజను వాలుగా నొక్కుకుంటూ చుట్టూ వస్తే తామర రేకులు. చీపురుపుల్ల కొసతో చుక్కలు పెడితే కంచె. వేపపుల్లకు తాటాకు ముక్క గుచ్చి నెత్తిన నిలబెడితే గొడుగు. ఆఖర్న, చేసినవాళ్ళు దిమ్మె మీద తమ బొటనవేలు గట్టిగా నొక్కుతారు. అంతే. వంట పొయ్యి మీద ఉండగా అరుగు మీద కూర్చుని చేసుకునే పని. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, పున్నమినాడు కొండెక్కించి, పెద్ద స్తూపం చుట్టూ వరసగా పెట్టి, దండం పెట్టుకుని వెళ్ళిపోతారు.

వెళ్ళిపోతారు! బోధికుడికి మింగుడుపడనిది అదే. మృగశిర కార్తె వస్తుంది, వాన పడుతుంది, నూట యాభై స్తూపాలూ ముద్దగా కరిగిపోతాయి. ఒక్కరూ అయ్యో అనరు.

అతను వచ్చిన ఏడు సరిగ్గా ఆ వానలోనే కొండెక్కాడు. ముందు దండం పెట్టాల్సింది గురువుకు. దండం లేదు, ఏమీ లేదు, వసారాలో ఉన్న తాటాకులు లాక్కుని పరుగు. ఒకదాని మీద కప్పేలోగా పక్కది కరిగేది, పక్కదాని దగ్గరికి పోయేలోగా ఇటువైపుది కూలేది.

సిద్ధనాగ స్థవిరుడు వసారాలో నిలబడి ఈ కొత్త శిష్యుణ్ణి కాసేపు చూశాడు. "మెల్లగా నాయనా, జారి పడతావు," అన్నాడు.

మరుసటి వైశాఖంలో, పున్నమికి వారం ముందు, ఆడవాళ్ళు మోదుగాకు దొప్పలతో వచ్చి ఆ పాత మట్టినే పిడికెడు పిడికెడు పట్టుకెళ్ళడం బోధికుడు చూశాడు. కొండ మట్టికి జిగురెక్కువ, అందుకే కాబోలు అనుకున్నాడు. కుమ్మరి కంటికి మట్టిలో ముందు కనపడేది జిగురే కదా.

ఆ పున్నమికి చామవ్వ అనే ముసలామె నూట ఇరవై మెట్లూ ఒంటరిగా ఎక్కి వచ్చి తన స్తూపం పెట్టింది. అది ఒక పక్కకు ఒరిగి ఉంది. బోధికుడు ఉండబట్టలేక సర్దబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్ సామీ. మా అమ్మ చేసింది కూడా ఇట్టాగే ఒరిగేది. మా వంశంలో ఎవరికీ తిన్నగా రాలేదు."

కాకి పిల్ల కాకికి ముద్దు అనుకుని అతను నవ్వి ఊరుకున్నాడు. కాని ఆమె మెట్లు దిగిపోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూడటం అతని మనసులో ఉండిపోయింది. ఇంత ఇష్టంగా చేసిందాన్ని నెల్లాళ్ళలో వాన మింగేస్తుంది.

పున్నమి అయిన మూడో రోజు గురువు సముద్రం దగ్గరి విహారంలో పనిమీద నెల రోజులకు బయలుదేరాడు. గురువు మెట్లు దిగాడు, శిష్యుడు ఆవం కట్టాడు. పిడకలు, చొప్ప, ఎండు కంప, పైన బంకమట్టి పూత. తండ్రి దగ్గర నేర్చినది ఒక్కటీ మరిచిపోలేదు. నూట యాభై రెండు స్తూపాలను ఒక్కటి పగలకుండా, ఒక్కటి నల్లబడకుండా కాల్చి మళ్ళీ ఎవరిది వాళ్ళ చోట పెట్టాడు. అందులో తనదీ ఒకటుంది. ఎనిమిది వరసల రేకులతో, ముచ్చటగా, అన్నిటికన్నా అందంగా.

గురువు తిరిగి వచ్చి బోధికుడి స్తూపాన్నే చేతిలోకి తీసుకుని వేలితో తట్టాడు. ఖంగుమంది.

"బాగా కాలింది," అన్నాడు.

బోధికుడు పొంగిపోయాడు. ఇంకో మాట కోసం కాచుకుని ఉన్నాడు గాని, గురువు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వాన వచ్చింది. బోధికుడు వసారాలో చేతులు కట్టుకుని నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వానను చూసి నవ్వాడు. స్తూపాలన్నీ ఎర్రగా, కడిగిన ముఖాల్లా నిలబడి ఉన్నాయి. పది నెలలపాటు రోజూ పొద్దున్నే వాటి చుట్టూ తిరిగి దుమ్ము తుడిచేవాడు. అది ప్రదక్షిణమో పహరానో అతనికే తెలియాలి.

మళ్ళీ వైశాఖం వచ్చింది. పున్నమికి ఏడు రోజుల ముందు ఆడవాళ్ళు దొప్పలతో కొండెక్కారు. పెద్ద స్తూపం చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ఇంకో చుట్టు తిరిగారు.

"మట్టేదీ?" అంది ఒకావిడ.

"పోయినేటివి అట్టాగే ఉన్నాయే!" అంది ఇంకొకావిడ, వంగి చూసి.

బోధికుడు మెచ్చుకోళ్ళు అందుకోవడానికి ముందుకు వచ్చాడు. వాళ్ళలో ఒకామెకు నలభై ఏళ్ళుంటాయి. ఏటి అవతలి ఊరినుంచి పడవలో వచ్చిందట. ఒరిగిన స్తూపం ముందు చతికిలబడి, దిమ్మె మీది గుంటలో తన బొటనవేలు పెట్టి చూసుకుంటోంది.

"చామవ్వగారు మీకేమవుతారమ్మా?" అన్నాడు.

"అమ్మ, సామీ. నా పేరు నాగిలి. అమ్మ కార్తీకంలో పోయింది."

మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగిన ముఖం బోధికుడికి గుర్తొచ్చింది. మరుక్షణం తను చేసిన పనికి సంతోషమేసింది. "చూశారా మరి! కాల్చబట్టే కదా వేలిముద్రతో సహా మిగిలింది. ఇంటికి తీసుకుపోండి. నూరేళ్ళయినా చెక్కుచెదరదు."

నాగిలి కళ్ళు తుడుచుకుంది. ఆ గుంటలోంచి వేలు మాత్రం తియ్యలేదు. "బాగుంది సామీ. అమ్మ వేలు తగిలినట్టే ఉంది. కాని మట్టి కావాలి కదా."

"ఎందుకు?"

ఆడవాళ్ళందరూ అతనికేసి చూశారు, ఇదేం ప్రశ్నన్నట్టు.

"పాలల్లో తోడు వెయ్యకుండా పెరుగు అవుతుందా సామీ?" అంది నాగిలి. "పోయినేటి మట్టి పిడికెడు ఈయేటి మట్టిలో కలపాలి. అమ్మ, వాళ్ళమ్మ మట్టి కలుపుకుంది. ఆవిడ, వాళ్ళమ్మది. పక్కిళ్ళవాళ్ళ మట్టీ వానకు వచ్చి ఇందులో చేరతదనుకో, చేరనియ్, మంచిదే. నేను అత్తారింటికి పోయాక అమ్మే చేస్తా ఉండేది. ఇప్పుడు నా వంతు. నా చేతిలో ఆగిపోతే ఎట్టా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. బోధికుడు అడుసును కాల్చి కూర్చున్నాడు. ఇప్పుడు కడగడానికి నీళ్ళెక్కడివి?

అప్పటికే గురువు వచ్చి వెనక నిలబడ్డాడు. అంతా విన్నాడు.

"ఒక కడవ నీళ్ళు తే నాయనా."

బోధికుడు తెచ్చాడు. గురువు వరసంతా చూసి, ఎనిమిది వరసల రేకులున్న దాని దగ్గర ఆగాడు. "ఇది నీదేగా?"

"నాదే, భంతే."

గురువు కడవ ఎత్తి దాని మీద నీళ్ళు పోశాడు. సన్నటి ధారగా, తొందరపడకుండా, కడవ ఖాళీ అయ్యేదాకా. తరవాత దాని ఎదురుగా బాసిపట్టు వేసుక్కూర్చున్నాడు.

ఆడవాళ్ళూ కూర్చున్నారు. కాసేపటికి ఒకావిడ అడిగింది: "దేనికోసం చూస్తన్నారు సామీ?"

"మట్టి అవుతుందేమోనని."

ఆవిడ కిసుక్కుమంది. గురువు నవ్వలేదు. ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే కూర్చుని, లేచి భోజనానికి వెళ్ళాడు. ఆడవాళ్ళు ఖాళీ దొప్పలతో మెట్లు దిగారు. నాగిలి మాత్రం ఏరు దాటి పోలేదు. కొండ కింద చావడిలో ఉండిపోయింది. పున్నమికి ఏడు రోజులుంది. ఆరడానికి నాలుగు కావాలి. మూడు రోజుల్లో మట్టి దొరకాలి.

రెండో రోజు తెల్లవారకముందే బోధికుడు ఏటికి పోయి తట్టెడు ఒండ్రు తెచ్చాడు. రాయీ రప్పా ఏరి, తొక్కి, పిసికి, వెన్నముద్దలా చేశాడు. తీసుకెళ్ళి నాగిలి ముందు పెట్టాడు. "ఇలాంటి మట్టి ఈ చుట్టుపక్కల దొరకదమ్మా."

ఆమె రెండు వేళ్ళతో నలిపి చూసింది. నొప్పించకూడదని కాసేపు ఆలోచించింది.

"పాలు మంచివే సామీ," అంది.

అతను తట్ట అక్కడే వదిలి కొండెక్కాడు. పైన గురువు కాచుకుని ఉన్నాడు. "నీళ్ళు, నాయనా."

మళ్ళీ కడవ. మళ్ళీ సన్నటి ధార. మళ్ళీ బాసిపట్టు. ఈసారి తోటి భిక్షువులు కూడా వచ్చి కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు, నవ్వొస్తుందని. ఎర్రటి స్తూపం నీళ్ళు పీల్చి, ఎండకు ఆరి, ఎప్పటిలాగే మెరుస్తూ నిలబడింది. సిగ్గుతో బోధికుడి చెవులు దానికన్నా ఎర్రబడ్డాయి.

మూడో రోజు నూట ఇరవై మెట్లూ కడవ మోసుకొచ్చేసరికి అతని ఓపిక అయిపోయింది. గురువు చెయ్యి చాచాడు. బోధికుడు కడవ ఇవ్వలేదు.

"భంతే, కాలిన మట్టి నానదు! ఇంకో ఏడు జన్మలు పోసినా నానదు! కుమ్మరి ఇంట్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు!"

వసారాలో పావురాలు లేచిపోయాయి.

సిద్ధనాగ స్థవిరుడు చాచిన చెయ్యి మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు తెలియదు నాయనా. నేను కుమ్మరిని కాను," అన్నాడు. "నువ్వో?"



బోధికుడికి తండ్రి కనిపించాడు. బురద ముందు కూర్చున్న తండ్రి కాదు, మరునాటి తండ్రి. గోడవారగా పోగుపడిన పాత పెంకులన్నీ ముందేసుకుని, రోట్లో పోసి, దంచుతున్న తండ్రి. ఆ పొడి కొత్త మట్టిలో కలుపుతుంటే, ఎందుకు నాన్నా అని తనే అడిగాడు. "కాలినోడు ఒకడు పక్కనుంటే పచ్చోడు పగలడురా," అన్నాడు తండ్రి, చెమట తుడుచుకుంటూ. ఆ ఏడు గంజి పలచబడిన మాట నిజం. తండ్రి మర్నాడే లేచిన మాటా నిజం. ఇన్నేళ్ళూ బోధికుడు మొదటి రోజును మాత్రమే దాచుకున్నాడు.

కడవ కిందపెట్టి వంటశాలకు వెళ్ళాడు. రోలు దొర్లించుకుంటూ తెచ్చాడు. రోకలి తెచ్చాడు. ఎనిమిది వరసల రేకులున్న తన స్తూపాన్ని తీసి రోట్లో పెట్టాడు.

కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు. నిజంగా ఒక్క రోకలి పెట్టే పట్టింది. చిత్రమేమిటంటే, దెబ్బ పడ్డాక చేతులకు తేలికగా అనిపించింది. ఇంకా గట్టిగా దంచాడు. గురువు కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

కబురు కొండ దిగింది. ఆడవాళ్ళు చేటలూ పాత గుడ్డలూ పట్టుకుని వచ్చారు. ఎవరి స్తూపం వాళ్ళు దంచుకున్నారు, ఎవరి పొడి వాళ్ళు గుడ్డలో జల్లించుకున్నారు. మూడు పిడికిళ్ళ ఒండ్రుకు ఒక పిడికెడు పొడి అని బోధికుడు చెబుతుంటే, పాలకు తోడు ఎంతో చెప్పించుకునే కొత్తకోడళ్ళలా తలలూపారు.

నాగిలి వంతు వచ్చింది. ఆమె ఒరిగిన స్తూపాన్ని రెండు చేతులా ఎత్తుకుని రోలు దాకా వచ్చి ఆగిపోయింది.

"అమ్మా," అన్నాడు బోధికుడు మెల్లగా, "ఇది కొట్టనక్కర్లేదు. మీదగ్గరే ఉంచుకోండి. దిమ్మె అడుగున కొంచెం గీకి పొడి తీసిస్తాను. వేలిముద్ర అలాగే ఉంటుంది."

నాగిలి బొటనవేలు మళ్ళీ ఆ గుంటలో పెట్టింది. అతనికి ఆమె ముఖం చూడాలంటే భయమేసింది.

"ఉంచుకుంటే నాకొక్కదానికే ఉంటది సామీ," అంది. "నా కూతురు దేన్ని కలుపుకోవాలి?"

స్తూపాన్ని రోట్లో దింపి, రోకలి తనే అందుకుంది. మొదటి దెబ్బకు లోపలినుంచి నాలుగు వడ్లగింజలు, కాలి బొగ్గయినవి, బయటపడ్డాయి. వాటినీ కలిపే దంచింది. ఏడుస్తూ మొదలుపెట్టింది గాని, సగానికి వచ్చేసరికి దంపుళ్ళ కూనిరాగం తీస్తోంది.

ఆ సాయంత్రం కొండ కింద ప్రతి అరుగు మీదా మట్టి పిసికారు. బోధికుడు ఇల్లిల్లూ తిరిగాడు. సర్దడానికి మాత్రం ఎక్కడా చెయ్యి పెట్టలేదు. ఒకచోట ముంతలోంచి కడుపు రాకపోతే, లోపల కాస్త బూడిద చల్లి అదమమని చెప్పాడు. ఇంకోచోట చింతగింజ దొరక్క ఈతగింజతో రేకులు నొక్కుతున్నారు. అవి ఇంకా బాగున్నాయి. తనూ చావడిలో కూర్చుని ఒకటి చేశాడు. ఒకటే వరస రేకులు. దిమ్మె మీద బొటనవేలు నొక్కాడు. పోయినేడు మచ్చ పడుతుందని ఆ పని చెయ్యలేదు.

నాగిలిది ఈసారి కూడా ఒక పక్కకు ఒరిగింది. ఆమె చూసి, గట్టిగా నవ్వింది. "అమ్మే!" అంది.

పున్నమినాడు అన్నీ కొండెక్కాయి. బోధికుడిది నాగిలి దాని పక్కన చోటు చేసుకుంది.

మృగశిర కార్తె రెండో రోజు మధ్యాహ్నం నైరుతి నల్లబడింది. మొదటి చినుకుకే బోధికుడి చెయ్యి అలవాటు కొద్దీ మూలనున్న తాటాకుల కట్ట మీదికి పోయింది. ఒక తాటాకు లాగి, వసారా అంచు దాకా వెళ్ళి, అక్కడ ఆగాడు.

గురువు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఈసారి 'మెల్లగా నాయనా' అని కూడా అనలేదు.

వాన పెద్దదైంది. ముందు గొడుగులు పడిపోయాయి. తరవాత రేకులు మొద్దుబారాయి. నాగిలి స్తూపం మరికాస్త ఒరిగి, ఇంకాస్త ఒరిగి, పక్కదాని భుజం మీద వాలింది. రెండూ కలిసే కూర్చుండిపోయాయి. వాటి కిందినుంచి పారే నీళ్ళలో ఎర్రటి నలకలు కనిపించాయి. చామవ్వవి ఏవో, ఎనిమిది వరసల రేకులవి ఏవో.

బోధికుడు తన గుండెలో పాత భయం కోసం వెతుక్కున్నాడు. కనపడలేదు. నాన్న ఇక్కడుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాణ్ణి కదా అనిపించింది. కళ్ళు నిండాయి, హాయిగానే.

తాటాకు కింద పరిచి, గురువు పక్కన దాని మీద కూర్చున్నాడు.

"నేనూ రెండు రోజులు పోశాను నీళ్ళు," అన్నాడు గురువు, వాన కేసి చూస్తూ. "నా హస్తవాసి మంచిది కాదు."

బోధికుడు పకపకా నవ్వాడు.

వాన వెలిసేసరికి, ఏది ఎవరిదో కుమ్మరి బిడ్డకే తెలియలేదు.